బాగోలేదన్నందుకు

పోయిన నెల మా స్నేహితురాలి కూతురు శాన్ రామన్‌లో మా ఇంటికి వచ్చింది. కాలేజీలో చదువుకుంటూ, కొత్తగా వచ్చిన లిప్‌స్టిక్కులూ సీరమ్‌లూ మొహానికి రాసుకుని చూసి, ఎలా ఉన్నాయో వీడియోల్లో చెప్పే పిల్ల. నేనూ ఆ పనే చేసి, ఆ పని గురించే రాసి బతుకుతున్నదాన్ని కాబట్టి సలహా అడగడానికి వచ్చిందేమో అనుకుని టీ పెట్టాను. తీరా చూస్తే సలహా ఇవ్వడానికి వచ్చింది. "ఆంటీ, డోంట్ మైండ్. మీరు చాలా హార్ష్‌గా మాట్లాడతారు. బాగా లేకపోతే సైలెంట్‌గా ఉండాలి అంతే. లేకపోతే, నాకు సెట్ అవ్వలేదు, మీకు అవ్వొచ్చు అని చెప్పాలి. అప్పుడు ఎవరికీ హర్ట్ అవ్వదు" అంది. నాకు ఒళ్ళు మండింది. పిల్ల కదా అని పైకి నవ్వి, ఇంకో బిస్కెట్టు పెట్టి పంపించాను. ఆమె కారు మలుపు తిరిగాక కూడా నా కోపం దిగలేదు. హర్ట్ అవ్వడం అంటే ఏమిటో ఈ పిల్లకి ఎవరు చెప్పాలి? అరోరాలో మా ఇంట్లో ఒక దసరాకి ఏం జరిగిందో, ఒక్క మాట కోసం మా అమ్మ ఎంత పోగొట్టుకుందో టీ తాగుతున్నప్పుడే చెప్పి ఉండాల్సింది. అప్పుడు నోరు రాలేదు, ఇప్పుడు వచ్చింది.

నేను నాలుగో తరగతిలో ఉండగా తెనాలి నుంచి ఈ దేశం వచ్చి అరోరాలో దిగాం. నాన్నకి ఆఫీసు, అమ్మకి ఇల్లు, నాకు బడి. ఎవరి పాట్లు వాళ్ళవి. ఆ ఇల్లు తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది హీటరు గాలి. చలికాలం మొదలైందంటే అది పగలనక రాత్రనక తిరుగుతూనే ఉండేది, మా బుగ్గలు పొట్టు లేచిపోయేవి. తరవాత గుర్తొచ్చేది పోపు. నూనె కాగగానే అమ్మ "కోట్లు! కోట్లు!" అని కేక పెట్టేది. నేను పరిగెత్తుకెళ్ళి కోట్లు తగిలించిన క్లాజెట్ తలుపు మూసేదాన్ని, లేకపోతే మర్నాడు స్కూలు బస్సంతా ఇంగువ వాసన. పొద్దున నాన్న గడ్డం గీసుకున్న క్రీము వాసన, సాయంత్రం సాంబ్రాణి, ఈ రెంటికీ మధ్యలో రోజంతా ఎక్కడో ఒక చోట కొబ్బరినూనె. అమ్మ నా తలకి పట్టించడానికి వస్తే నేను బేస్‌మెంట్లోకి పారిపోయేదాన్ని, అమ్మ గిన్నె పట్టుకుని మెట్ల మీద నిలబడి బతిమాలేది. అరవడం తెలియని మనిషి.

అరవడం తెలిసిన మనిషి మా అమ్మమ్మ. ఏడాదికి ఆర్నెల్లు వచ్చి ఉండేది. పేరు సుందరమ్మ, పేరుకి తగ్గ మనిషినని ఆవిడకి గట్టి నమ్మకం. సూట్‌కేసు తెరిస్తే ఆవకాయ సీసాల పక్కనే సున్నిపిండి, శీకాయ పొడి, పచ్చకర్పూరం వేసి కాచిన ఏదో నూనె. పొద్దున కాఫీ అవగానే కిటికీ దగ్గర చిన్న అద్దం నిలబెట్టుకుని అరగంట కూర్చునేది. ఇంట్లో ఎవరికి ఆలస్యమైనా సరే, ఆ అరగంట ఆవిడది. తాతయ్య పోయాక కూడా అది మానలేదు. తెనాలిలో పక్కింటావిడ ఎవరో "ఇంకా ఎందుకొదినా ఈ సోకులు" అని అడిగితే, "పోయింది మా ఆయన, నా మొహం పోలేదుగా" అందట. ఆ మాట వాళ్ళ వీధిలో చాలాకాలం తిరిగింది. తిరిగితే తిరగనీ అనేది అమ్మమ్మ.

మా సమీక్షలు మొదలైంది అమ్మమ్మ వల్లే. మాల్‌లో పెద్ద దుకాణానికి వెళితే కౌంటర్లో అమ్మాయిలు చిన్న చిన్న శాంపిల్సు ఇచ్చేవాళ్ళు, కూర్చోబెట్టి రాసి చూపించేవాళ్ళు. ఆ దీపాల కింద ఏది రాసినా అందంగానే ఉంటుంది. అమ్మమ్మకి దీపాల మీద నమ్మకం లేదు. అద్దం చేతిలోకి తీసుకుని, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, తిన్నగా పార్కింగ్ లాట్‌లోకి నడిచేది. వెనకే సెక్యూరిటీ అతను. ఎండలో అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుని, లోపలికొచ్చి, అద్దం అతని చేతికే ఇచ్చి "నో గుడ్" అని చెప్పేది. కొత్తది ఏదొచ్చినా తిన్నగా మొహానికి రాయనిచ్చేది కాదు. ముందు చెవి వెనక. మర్నాటి కాఫీ దాకా ఆగాలి. ఏమీ కాకపోతే దవడ కింద. అప్పుడూ ఏమీ కాకపోతేనే బుగ్గ. "చెవి వెనక కాలితే నీకొక్కదానికే తెలుస్తుంది. బుగ్గ మీద కాలితే ఊరందరికీ తెలుస్తుంది" అనేది. నేను ఈ రోజుకీ అలాగే చేస్తాను, ఎంత ఖరీదైనదైనా సరే.

హైస్కూల్లో చేరాక నాన్న పాత కెమెరా నా చేతికొచ్చింది. బియ్యం బస్తా మీద నాలుగు లావుపాటి పుస్తకాలు, వాటి మీద కెమెరా, ఎదురుగా కిచెన్ కిటికీ వెలుతురు. నేను రాసుకునేదాన్ని, అమ్మమ్మ తీర్పు చెప్పేది. "అమ్మలూ, ఈ లిప్‌స్టిక్ పొద్దున వేసుకున్నా. మధ్యాహ్నానికి పెదాలు వంకాయ ఒరుగుల్లా అయిపోయాయి. బాగోలేదు, కొనకండి." ఎండ తగలకుండా రాసుకునే క్రీము తెల్లగా తేలితే "శివరాత్రికి పనికొస్తుంది, విభూతి ఖర్చు తప్పింది" అనేది. ఫౌండేషన్ సీసాల మీద తేనె, బాదం, కేరమెల్ అని రంగుల పేర్లు చదివి చెబితే, "మనమేమన్నా మిఠాయి కొట్టా? చింతపండు రంగేదీ?" అని అడిగి, నిజంగానే చింతపండు ఉండ తెచ్చి నా చేతి పక్కన పెట్టి కెమెరాకి చూపించింది. ఒకసారి మొహానికి అంటించుకునే తడి కాగితం మాస్కు వేసుకుని సోఫాలో కళ్ళు మూసుకుని పడుకుంది. ఆఫీసు నుంచి వచ్చిన నాన్న దీపం వెయ్యగానే "అమ్మో!" అని బ్యాగు కింద పడేశాడు. అదీ వీడియోలోకి వచ్చింది. చూసేవాళ్ళు ఎక్కువగా ఎమ్మెస్ చదవడానికి కొత్తగా దిగిన అమ్మాయిలు. చలికి మొహాలు పగిలి, ఎవరిని అడగాలో తెలియక మమ్మల్ని అడిగేవాళ్ళు. "అమ్మమ్మా, నాకు పింపుల్స్ ఉన్నయ్, ఇది పెట్టుకోవచ్చా?" అని ఒకరు, "మీరు ఓకే అంటేనే కొంటానండీ" అని ఇంకొకరు. అమ్మమ్మ ఒక్కొక్కరికీ నా చేత జవాబు రాయించేది.

మా అమ్మ రమ మాత్రం ఇందులోకి రాలేదు. పక్కన స్టవ్ దగ్గర నిలబడి నవ్వుకునేది అంతే. అమ్మది వేరే తీరు. పార్టీలో ఉప్పెక్కువైన పప్పుని మెచ్చుకుని, మెచ్చుకున్నందుకు రెండోసారి వడ్డించుకుని తినే మనిషి. పెళ్ళిచీర అంచు తప్పుగా వస్తే, తిప్పి పంపితే నేసినతను బాధపడతాడని అదే కట్టుకుని పీటల మీద కూర్చున్న మనిషి. అమ్మమ్మకి అది చూస్తే చిర్రెత్తుకొచ్చేది. "మొహమాటానికి పోతే..." అని సామెత ఎత్తుకునేది. "అమ్మా! పిల్ల ఉంది" అని అమ్మ ఆపేసేది. ఆ సామెత రెండో సగం నాకు కాలేజీకి వెళ్ళేదాకా తెలియలేదు. తెలిశాక మాత్రం అమ్మమ్మ మీద గౌరవం పెరిగింది.

అరోరాలో అమ్మకున్న బలమంతా సుధ ఆంటీ. మేం కొత్తగా దిగినప్పుడు మొదటి చలికోట్లు కొనిపించింది ఆవిడే. నాన్న నేర్పబోతే ఇద్దరికీ పోట్లాటవుతోందని, తన కారులో కూర్చోబెట్టి అమ్మకి డ్రైవింగ్ నేర్పిందీ ఆవిడే. అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు వారమంతా మా ఇంటికి కేరేజీ వచ్చింది. గుళ్ళో ఏ కార్యక్రమమైనా, ఎవరింట్లో సీమంతమైనా ముందు సుధ ఆంటీకి తెలిసేది, ఆవిడ నుంచి అందరికీ తెలిసేది. పెద్ద నవ్వు, పెద్ద బొట్టు, ఎప్పుడూ హడావుడి. నాకూ ఆవిడంటే ఇష్టమే, అది దాచను.

ఆ ఏడాది ఆంటీ ఒక క్రీము అమ్మడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళ చేత ఇంటింటికీ అమ్మించే ఏదో కంపెనీ. కొంటే సరిపోదు, కొన్నవాళ్ళూ అమ్మాలి, వాళ్ళు చేర్చినవాళ్ళూ అమ్మాలి. దుకాణంలో కొత్త తెలుగు మొహం కనపడితే చాలు, నవ్వుతూ వచ్చి "మీదే ఊరండీ" అని మొదలెట్టి "మంచి బిజినెస్ ఆపర్చునిటీ ఉంది" దగ్గర తేలే వ్యవహారం ఇక్కడ తెలియనిదెవరికి? ఒక శనివారం వాళ్ళింట్లో ఆడవాళ్ళందరినీ పిలిచి, పునుగులూ చట్నీ పెట్టి, ఒక్కొక్కరి చేతి మీదా ఆ క్రీము రాసింది. బంగారు మూత, గులాబీ వాసన. "మొహానికీ, మెడకీ రోజూ రెండు పూటలా రాయాలి. అంతా హెర్బల్. ఎలా ఉంది పద్మా?" "చాలా బాగుందక్కా." "ఎలా ఉంది రమా?" "చాలా బాగుంది సుధక్కా." ఆంటీ ఇంట్లో కూర్చుని, ఆంటీ చేతి పునుగులు తిని, ఇంకేమంటారు? అందరూ కొన్నారు. అమ్మ అందరికంటే పెద్ద డబ్బా కొంది. వస్తుంటే ఆంటీ నా గడ్డం పట్టుకుని, "హారికా, దీన్ని నీ వీడియోలో పెట్టు బంగారం. నీ మాటంటే ఆ ఎమ్మెస్ పిల్లలంతా వింటారు" అంది. పెడతానన్నాను. అడిగింది ఆవిడ, ఆ సంగతి ఎవరూ మర్చిపోకూడదు.

అమ్మమ్మ చెవి వెనక రాసుకుంది. మర్నాడు కాఫీ వేళకి అక్కడ తోలు ఎర్రగా పొంగింది. నేను ఆవిడ మాట వినకుండా దవడ కింద రాసుకున్నాను, పచ్చిమిరపకాయ రుద్దినట్టు మండి, రెండు రోజులకి పొట్టు లేచింది. చెప్పకుండా వీడియో చెయ్యడం మర్యాద కాదని అమ్మమ్మే ముందు ఆంటీకి ఫోన్ చేయించింది.

"సుధా, చెవి వెనక మండిందమ్మా. తోలు లేచింది."

"అది డీటాక్స్ పిన్నిగారూ! లోపలున్న టాక్సిన్స్ బయటికొస్తున్నాయి. వర్క్ అవుతోందన్నమాట. ఆపకండి, ఇంకా రాయండి."

"నా లోపలున్న చెడంతా నోట్లోంచి ఎప్పుడో వచ్చేసిందమ్మా. చెవి వెనక నుంచి రావక్కర్లేదు" అంది అమ్మమ్మ. ఆంటీ పగలబడి నవ్వింది. అమ్మమ్మ నవ్వలేదు. వాడటం ఆపమని, అమ్మడం ఆపమని ఇంకోసారి చెప్పింది. "కంపెనీ వాళ్ళు ట్రైనింగ్‌లో ఇలాగే చెప్పారండీ, మీరు కంగారు పడకండి" అని ఆంటీ పెట్టేసింది.

వీడియో చేశాం. బియ్యం బస్తా, పుస్తకాలు, కిటికీ, అంతా మామూలే. నేను నా దవడ చూపించాను, అమ్మమ్మ జుట్టు పక్కకి తీసి చెవి వెనక చూపించింది. "మంచి వాసనుంది, మూత బాగుంది. క్రీము బాగోలేదు. మండితే మంచిదని ఎవరైనా చెబితే నమ్మకండి. కొనకండి, కొన్నవాళ్ళు పారెయ్యండి" అన్నాం. ఎవరి పేరూ ఎత్తలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, మా మాట అరోరా దాటడానికి ఒక పూట పట్టింది. మర్నాడు మధ్యాహ్నం అమ్మకి ఫోనొచ్చింది. చేతులు పిండిలో ఉన్నాయని అమ్మ స్పీకర్‌లో పెట్టింది.

"రమా, నీ కూతురు నన్ను అంత మాటంటుందా?"

"నిన్నేమీ అనలేదు సుధక్కా... క్రీముని..."

"క్రీమూ నేనూ వేరా? నా చేత్తో ఇచ్చాను కదే."

అమ్మ పిండి చేతులతోనే ఫోన్ పెట్టేసి, నా వైపు తిరిగి "తీసెయ్" అంది.

"ఎందుకు? అబద్ధమా?"

"నిజమైతే మాత్రం? అందరి స్కిన్ ఒకలా ఉండదని ఒక్క మాట కలుపు. నీకు పోయేదేముంది?"

"నాకేం పోదు. కొనుక్కున్నవాళ్ళ మొహం పోతుంది."

"ఉన్నమాటంటే ఉలుకెక్కువ. అది తియ్యదు" అంది అమ్మమ్మ వెనక నుంచి.

అమ్మ ఆవిడ మీద గొంతెత్తడం నేను చూడటం అదే మొదలు. "నీకేమ్మా! నువ్వు ఆర్నెల్లుండి వెళ్ళిపోతావు. ఇది కాలేజీకి వెళ్ళిపోతుంది. ఇక్కడ బతకాల్సింది నేను. నాకున్నదే ఆ నలుగురు" అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు బాధనిపించింది. అయినా తియ్యలేదు. మొండితనమా అంటే మొండితనమే. ఆ వయసులో నాకున్న ఒకే ఒక్క మంచి గుణం అదే అనుకుంటాను.

పది రోజుల్లో దసరా. అమ్మకి ఏడాదిలో సొంత పండగ అదొక్కటే. అట్టపెట్టెలు మెట్లుగా పేర్చి, మీద తెల్ల పంచె పరిచి, తెనాలి నుంచి ఒక్కొక్కటిగా తెచ్చుకున్న బొమ్మలన్నీ కొలువు పెట్టేది. ఆడవాళ్ళందరినీ పేరంటానికి పిలిచేది. ఫోన్లో పిలవడం అమ్మకి నచ్చదు. కుంకుమ భరిణె కారులో పెట్టుకుని, ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలుస్తుంది. ఆ ఏడు కూడా వెళ్ళింది. సుధ ఆంటీ ఇంటికీ వెళ్ళింది. ఆంటీ తలుపు తీసి, బొట్టు పెట్టించుకుని, "చూస్తాన్లే" అందట. లోపలికి రమ్మనలేదట. తిరిగొచ్చాక అమ్మ చాలాసేపు కారులోనే కూర్చుంది. అది మొదలు పేరంటం రోజు దాకా నాతో అన్నం తిను, చదువుకో అన్న రెండు మాటలు తప్ప మాట్లాడలేదు. ఎవరూ రారన్న భయం ఇల్లంతా పట్టుకుంది. అమ్మ శనగలు మాత్రం ఎప్పటంత నానబోసింది.

వచ్చారు. బొట్టు పెట్టి పిలిచాక రాకుండా ఉండకూడదని వచ్చారు. వచ్చినవాళ్ళు అందరూ పెళ్ళికొచ్చినట్టు మొహాలకి మందంగా మేకప్ వేసుకొచ్చారు. నేను తలుపు తీస్తే నా వైపు చూడకుండా చెప్పులు విడిచారు. అమ్మమ్మ తన ఇష్టమైన గులాబీరంగు లిప్‌స్టిక్ వేసుకుని సోఫా మధ్యలో కూర్చుంటే ఆవిడ పక్క చోటు ఖాళీగా ఉండిపోయింది. అందరికంటే ఆఖరున సుధ ఆంటీ వచ్చింది. హీటరు నడుస్తున్నా మెడకి శాలువా చుట్టుకునే ఉంది. ఎవరో ఒకావిడ హారతి పాట సన్నగా పాడి ఆపేసింది. అమ్మ పళ్ళెం తీసుకుని కాళ్ళకి పసుపు రాసి, మెడకి గంధం పూయడం మొదలుపెట్టింది.

పద్మ ఆంటీ మెడకి గంధం తగలగానే "స్స్..." అంది.

"ఏమైంది పద్మా?"

"ఏం లేదు రమా, చల్లగా తగిలింది."

పక్కావిడ భుజాలు ముడుచుకుంది. "అబ్బే, చక్కిలిగింత" అంది. ఇంకొకావిడ కళ్ళు గట్టిగా మూసుకుని, గంధం పూయడం అయ్యాక తెరిచి, నవ్వింది. అమ్మ చెయ్యి నెమ్మదించింది. సుధ ఆంటీ దగ్గరికి వచ్చేసరికి అమ్మే ఆవిడ శాలువా కొంచెం జరిపింది. మెడంతా ఎర్రగా కంది, అక్కడక్కడా తోలు ఊడి చెమ్మగా ఉంది. తను అమ్మినదాన్ని తనే అందరికంటే నమ్మి, రెండు పూటలా రాసుకుంది ఆ పిచ్చితల్లి. అమ్మ వేలు గాలిలో ఆగిపోయింది.

"పెట్టు రమా. పరవాలేదు" అంది ఆంటీ.

అమ్మ పెట్టలేదు. వేళ్ళు పళ్ళెం అంచుకి తుడుచుకుని అందరి వైపూ తిరిగింది. "ఇంకెవరెవరికి మండుతోంది?" అని అడిగింది.

పద్మ ఆంటీ బొమ్మల్ని చూస్తూ ఉండిపోయింది. ప్రతివాళ్ళకీ మండుతోంది, ప్రతివాళ్ళూ తనొక్కదానికే అనుకుంటున్నారు, లేదా అనుకున్నట్టు కూర్చున్నారు. అమ్మమ్మ నోరు తెరవబోతే అమ్మ చెయ్యెత్తి ఆపింది. పట్టుచీర కొంగు నడుముకి దోపుకుని సింకు దగ్గరికి నడిచింది. గిన్నెలు తోమే సబ్బుతోనే మొహం కడుక్కుంది. నీళ్ళు కారుతూ వచ్చి అందరి మధ్యా నిలబడింది. రెండు బుగ్గలూ, గడ్డం కిందా ఒకటే ఎరుపు, పొట్టు. నా ఫౌండేషన్ సీసా అంత తొందరగా ఎందుకు ఖాళీ అవుతోందో నాకప్పుడు అర్థమైంది. మా ఇద్దరితో యుద్ధం చేస్తూనే, స్నేహితురాలు ఇచ్చిందని రోజూ రాసుకుంటూనే ఉంది, మేం లేవకముందే లేచి ఆ ఎరుపు మీద నా ఫౌండేషన్ పూసుకుంటూనే ఉంది.

"నాకు మండుతోంది" అంది అమ్మ.

సుధ ఆంటీ లేచింది. "బొట్టు పెట్టి పిలిచి, అందరి ముందూ నా పరువు తీస్తావా రమా?"

"నీ పరువు సంగతి తరవాత. నీ మెడ చూసుకున్నావా అక్కా? పద, డాక్టర్ దగ్గరికి వెళ్దాం. నేను డ్రైవ్ చేస్తా."

ఆంటీ శాలువా చుట్టుకుని, తాంబూలం తీసుకోకుండా వెళ్ళిపోయింది. అమ్మ వాకిలి దాకా వెళ్ళి "సుధక్కా" అని పిలిచింది. కారు తలుపు పడింది. మిగిలినవాళ్ళు తాంబూలాలు తీసుకుని, "వస్తాం రమా" అని నేల చూస్తూ ఒకరి వెనక ఒకరు కదిలారు. నాకూ మండుతోందని ఆ గడప దాటేలోపు అన్నవాళ్ళు లేరు. తరవాత ఒక్కొక్కరే ఫోన్ చేశారు. "రమా, నీకొక్కదానికే చెప్తున్నా, నాకూ అంతే అయింది. ఎవరికీ అనకు." అందరూ ఇదే మాట, ఒకరికి తెలియకుండా ఒకరు! నాకు నవ్వాలో తన్నాలో తెలిసేది కాదు. ఆ చలికాలం మాకు ఎక్కడి నుంచీ పిలుపు రాలేదు. అమ్మ శనివారాలు క్లాజెట్లు సర్దుకుంటూ గడిపింది. సుధ ఆంటీ ఆ క్రీము అమ్మడం కొన్నాళ్ళకి మానేసింది, మాతో మాట్లాడటం అంతకు ముందే మానేసింది. గుళ్ళో ఎదురైతే "బాగున్నావా", "బాగున్నా", అంతే. సుధ ఆంటీతో ఉన్నట్టు అమ్మ మరెవరితోనూ ఉండలేదు. ఆ నష్టం పూడింది అని నేను రాయను. పూడలేదు.

ఇప్పటి సంగతికొస్తే, మంచి జరగలేదని అనను. చింతపండు రంగులో సీసాలు నాలుగైదు రకాలు దొరుకుతున్నాయి, అమ్మమ్మ ఉంటే దీపాలార్పి పండగ చేసేది. కానీ మాట పోయింది. ఎవరి వీడియో చూసినా "హానెస్ట్ రివ్యూ" అని పైన రాసి ఉంటుంది, లోపల ఒక్క నిజం ఉండదు. అప్పుడు పునుగులు పెట్టి బాగుందనిపించుకున్నారు, ఇప్పుడు కంపెనీలవాళ్ళు సరుకుకి పట్టు కాగితం చుట్టి, అట్టపెట్టెలో ఊరికే ఇంటికి పంపించి బాగుందనిపించుకుంటున్నారు. పునుగులే నయం, కనీసం చేసినావిడ ఎదురుగా ఉండేది. నాకు పంపడం చాలామంది మానేశారు. మానెయ్యనీ! నా డబ్బుతో నేను కొనుక్కుంటాను, చెవి వెనక రాసుకుంటాను, మర్నాడు కాఫీ తాగి నాకు తోచింది చెబుతాను. నచ్చనివాళ్ళు చూడటం మానుకోవచ్చు. మా అమ్మ అంత పోగొట్టుకుని నిలబెట్టిన మాటని నేను మర్యాద కోసం మింగెయ్యలేను.

ఆ పేరంటం రోజు అందరూ వెళ్ళిపోయాక ఇంట్లో ముగ్గురమే మిగిలాం. తాంబూలం సంచీలు సగం అలాగే ఉన్నాయి. అమ్మమ్మ గిన్నెలో శనగలు వేసుకుని తింటోంది. అమ్మ కిచెన్లో కుర్చీలో కూర్చుని ఉంది. ఆ మొహం చూస్తే నా మొండితనమంతా నీరుగారిపోయింది. దగ్గరికి వెళ్ళి, "అమ్మా, వీడియో తీసెయ్యనా?" అని అడిగాను. నిజంగానే తీసేద్దామనుకున్నాను.

"తీశావంటే కాళ్ళు విరగ్గొడతా" అంది. కుర్చీలోంచి లేచి, "ఆ కెమెరా ఎక్కడుంది?" అంది.

బియ్యం బస్తా మీద పెట్టాను. కిటికీలోంచి ఇంకా వెలుతురు వస్తోంది. అమ్మ పట్టుచీరలోనే, తడి ఆరిన ముంగురులతో ఎదురుగా వచ్చి కూర్చుంది. "కాస్త పౌడరైనా అద్దుకోవే" అంది అమ్మమ్మ. "అక్కర్లేదు" అంది అమ్మ. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నమస్కారమండీ. నా పేరు రమ. ఈ క్రీము నాకు బాగా కావలసినావిడ ఇచ్చింది. ఆవిడ చాలా మంచిది. నాకు అక్క లాంటిది. క్రీము... అంటే... కొంతమందికి..."

అక్కడ ఆగింది. మా ఇద్దరి వైపూ చూసింది. అమ్మమ్మ శనగలు నమలడం ఆపింది. అమ్మ మళ్ళీ కెమెరా వైపు తిరిగి, తల పైకెత్తింది.

"బాగోలేదండీ. నేను వాడాను. ఇదుగో, నా మొహం చూడండి."